ఎండల ఆరేస్తే పోతది

పోయినవాళ్ళ ఫొటోకు దండ వేసి గోడకు తగిలిస్తాం. ఆమె ఫొటోను మాత్రం తెర మీద వేశారు. దండ లేదు, కింద ఇంగ్లీషు అక్షరాలున్నాయి.

ఉప్పల్ రింగురోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాలు. కొత్త రాష్ట్రం వచ్చిన కొత్త, వారానికి రెండు సభలు జరుగుతున్న రోజులు. ఇది మహిళా వ్యాపారవేత్తల సభ. ప్రపంచ మార్కెట్టును మన ఆడవాళ్ళు ఇంట్లో కూర్చునే ఎలా అందుకోవచ్చో ఒక పెద్దమనిషి వేలితో తెర మీద చూపిస్తున్నాడు. బొమ్మలు ఒకటొకటే మారుతున్నాయి. ఏడోదో ఎనిమిదోదో ఆమె. ఒళ్ళో బొంత, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, చూపుడువేలికి చుట్టుకున్న గుడ్డపీలిక. "మల్లాపూర్ నుంచి ప్రపంచానికి" అని కింద ఇంగ్లీషులో రాశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా. అప్పటికి ఆమె పోయి ఇరవై రోజులు. ఆ హాల్లో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ ఫొటో తీసింది కూడా నేనే.

ఆమె పేరు రాయను. "కుట్టు కనపడాలె, కుట్టినోళ్ళు కనపడొద్దు" అనేది ఆమె. ఫొటో తీసి ఆ మాట చెడగొట్టాను. పేరైనా దాచనివ్వండి.

అప్పట్లో మా సంస్థ ఆఫీసు నాచారంలో, ఫ్యాక్టరీల వైపు పోయే రోడ్డు మీద, టైర్ల దుకాణం పైన ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, పనిచేసేవి అయిదు. ఇంటి దగ్గర ఏదో ఒకటి తయారుచేసుకునే ఆడవాళ్ళకు నలభై అయిదు రోజులు కంప్యూటరు నేర్పాలి, వాళ్ళ సరుకును ఇంటర్‌నెట్‌లో పెట్టాలి, పైదేశాల వాళ్ళతో కొనిపించాలి. నేను తెనాలి వైపు నుంచి దిగిన కొత్త ఎంబీఏని. నాకు తెలియనిదేదీ లేదనుకునే వయసు.

మొదటి రోజు ఆమె చెప్పులు కింద టైర్ల దుకాణం దగ్గరే విప్పి మెట్లెక్కి వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మేడం, ఇది ముట్టుకుంటే ఖరాబైతదా?"

"ఏం కాదక్కా, ముట్టుకోండి" అన్నాను.

మౌసును బల్ల అంచుదాకా తోసేది. అక్కడ బల్ల అయిపోయేది, తెర మీద బాణం ఆగిపోయేది. అప్పుడు మౌసును ఎత్తి, మళ్ళీ మొదట్లో పెట్టి, కొత్త వరస మొదలుపెట్టేది, అచ్చం బొంత కుట్టినట్టే. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని నేను చెప్పిన పావుగంటకే పక్కనున్న ముగ్గురికీ చెప్పేసింది. ఇదేంటక్కా అంటే, "వీళ్ళకు ఎర్కలేని ముచ్చట నాకెందుకు బిడ్డా, ఒకనాడు నేను మరిసిపోతే ఎవరు జెప్పాలె?" అంది. నిజానికి ఆ తర్వాత ఆమె రెండుసార్లు మరచిపోయింది, రెండుసార్లూ వాళ్ళే చెప్పారు.

మేడం అన్నది ఆ మొదటి పూట మాత్రమే. పాస్‌వర్డ్ నాటికే బిడ్డా, నువ్వు. మా వైపు కొత్తవాళ్ళను నువ్వంటే ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం ఆ పిలుపు హాస్టలు కూడు తిని తిని ఇంటి అన్నం దొరికినట్టుండేది.

ఆమెది జనగామ వైపు ఊరు. మొగుడు పోయాక మల్లాపూర్‌లో ఒక గదిలో ఉండి బొంతలు కుట్టేది. పాత చీరలు, ధోవతులు పొరలు పొరలుగా పరిచి, కొసాకొసా కలిపి, సన్న కుట్టు వరసలు వేస్తే బొంత. ఎవరైనా చీరల మూట తెస్తే ముందు దాన్ని ముక్కుకు ఆనించుకునేది. తర్వాత అడిగేది, "ఎవరియి?" అని. పోయిన అమ్మవో, అత్తవో, చెప్పిందాకా కత్తెర తీసేది కాదు. ఒకసారి నా ఎదురుగానే బ్యాంకు గుమాస్తా ఒకాయన చనిపోయిన తల్లి చీరలు తెచ్చాడు. ఈమె అన్నీ తిరగేసి, "మీ అమ్మ ఏ పక్కకు తిరిగి పండుకునేది సారూ?" అంది. ఆయన తెల్లబోయాడు. కాసేపు ఆలోచించి, "ఎడమ వైపు, గోడకు" అన్నాడు. అని అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. అన్నిట్లోకీ మెత్తబడిన చీరను ఈమె ఎడమ పక్కకు వచ్చేట్టు వేసింది. అది కనిపెట్టేవాళ్ళెవరూ ఉండరు. "కప్పుకున్నోనికి ఎర్కయితది" అంది.

సూది ఎప్పుడూ జాకెట్టు భుజానికి గుచ్చుకుని ఉండేది. అందుకని పండగలకు ఎవరైనా అలాయ్‌బలాయ్ అంటూ కౌగిలించుకోబోతే "ఆగుండ్రి, ఆగుండ్రి" అని ముందు సూది తీసి నోట్లో పెట్టుకునేది. నోట్లో సూదితోనే నవ్వేది. నాకు భయం వేసేది.

ఆమె గది గుమ్మంలో నేను తీసిన ఫొటోనే సభలో తెర మీద వేసింది. దాన్ని మా సైటులో పెట్టిన నాలుగు నెలలకు పైదేశపు దుకాణం ఒకటి అరవై బొంతలు కావాలంది. ఇవి నచ్చితే ప్రతి ఏడూ తీసుకుంటామంది. మా డైరెక్టరు గారు మిఠాయి పంచారు. నేను పరుగున మల్లాపూర్ వెళ్ళి చెప్పాను. ఆమె చేతిలో కుట్టు ఆపలేదు.

"అరవై మంది సచ్చిపోయిన్రా అక్కడ?" అంది.

"కాదక్కా, దుకాణంలో అమ్ముతారు. ఎవరైనా కొనుక్కుంటారు."

"ఎవరికో ఎర్కలేకుండ కుట్టుడా?" ఇంకో వరస కుట్టింది. తర్వాత తనలో తనే అంది, "సరే. సలి అందరికి ఒక్కటే గద."

అరవై బొంతలు ఒక్కతే కుట్టలేదు. పక్క వాడలో యాదమ్మ అని ఉండేది, నాచారంలో మందుల ఫ్యాక్టరీలో డబ్బాల్లో మాత్రలు నింపే పని. పొద్దంతా నిలబడే చెయ్యాలి. సాయంత్రానికి యాదమ్మ పాదాలు పొంగిన పూరీల్లా ఉండేవి. ఈమె వెళ్ళి యాదమ్మను అడిగింది. యాదమ్మతోపాటు అదే ఫ్యాక్టరీలో చేసే ఇంకో ఏడుగురిని. నేనూ వెంట ఉన్నాను.

"అక్కా, ఫ్యాక్టరీ ఒక్కసారి మానేస్తే మళ్ళ తీసుకోరు" అంది యాదమ్మ.

"కూసొని జేసే పనే, యాదమ్మా. కాళ్ళు సాపుకొని. గీ అరవై మంచిగ పోతే యేటేటా ఉంటది. నేనున్న గద."

నేనున్న గద అన్నది ఆమె. కానీ యాదమ్మ చూసింది నా వైపు. కంప్యూటరు తెలిసిన పిల్ల, సంస్థ పిల్ల. నేను గట్టిగా తలూపాను. ఎనిమిది మందీ ఫ్యాక్టరీ మానేశారు. ఆ తలూపుడు తలుచుకుంటే ఇప్పటికీ నా మెడ విరిచెయ్యాలనిపిస్తుంది.

రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకున్నారు. కొలతలకు నేను టేపు ఇచ్చాను. ఆమె దాన్ని మెడలో వేసుకుని జానలతోనే కొలిచేది, ఆ తర్వాత నా తృప్తి కోసం టేపు పెట్టి చూపించేది. ఒక్కసారి కూడా అంగుళం తేడా రాలేదు. ఆ నెలల్లో ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు, రాస్తారోకోలు. బస్సులు లేకపోతే యాదమ్మ వాళ్ళు నడిచి వచ్చేవాళ్ళు. వచ్చి, గోడకు వీపు ఆనించి, కాళ్ళు బారజాపి కూర్చుని, "అబ్బ" అనేది యాదమ్మ. ప్రతి రోజూ మొదటి మాట అదే. ఈమె కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి కన్ను గీటేది.

కొనేవాళ్ళు తొమ్మిది పేజీల నిబంధనలు పంపారు. అవన్నీ తెలుగులో చెప్పడం నా బాధ్యత. చెప్పాను. కొలత ఇంత, కుట్టు ఇంత దూరం, దారపు కొసలు వేలాడకూడదు, వాసన రాకూడదు, మరకలు ఉండకూడదు. "మరకలెందుకుంటయ్, ఉతికినంకనే కుడుతం గద" అన్నారు అందరూ. నిజమే కదా అనుకుని పేజీ తిప్పేశాను.

లారీ రావలసిన రోజు పొద్దున్నే షెడ్డు కడిగారు. అరవై బొంతలు మడతపెట్టి వరసగా పేర్చారు. ఆమె ఇంటి నుంచి చిన్న స్టీలు గిన్నెలో పసుపు తడిపి తెచ్చింది.

"కొత్త బట్ట గడప దాటుతుంటే మూలకింత పసుపు వెట్టకుండ పంపుతమా?" అంది.

మా ఇంట్లోనూ అంతే. కొత్త చీర కట్టినా, పండక్కి చొక్కా కొన్నా, మూలన పసుపు బొట్టు పెట్టకుండా మా అమ్మ ఒంటి మీద వెయ్యనివ్వదు. తొమ్మిది మంది ఆడవాళ్ళు, నేను పదోదాన్ని. ఎక్కడో తెలియని దేశంలో, ఎవరో తెలియని మనిషి ఒంటి మీదికి పోయే బట్ట, ఆ మనిషి చల్లగా ఉండాలని తలా కొన్ని బొంతలకు మూలన వేలితో అద్దాం. నేను ఆరు బొంతలకు అద్దాను. తొమ్మిది పేజీలు చదివినదాన్ని, మరకలు అనే మాట నా నోటితో చెప్పినదాన్ని. అది మరక అని నాకు తట్టనే లేదు. పసుపును మరక అనుకునే ఇంట్లో మేమెవరమూ పుట్టలేదు.

నలభై రోజుల తర్వాత మెయిలు వచ్చింది. సరుకు మొత్తం తిరస్కరించారు. ప్రతి బొంత మూలన గుర్తు తెలియని పదార్థం అంటుకుని ఉందట. అరవై ఫొటోలు జతచేశారు, ప్రతిదానిలో ఆ మూలన ఎర్ర గీతతో సున్నా చుట్టి. రెండు దారులిచ్చారు. మా ఖర్చుతో వెనక్కి తెప్పించుకోవాలి, లేదా అక్కడే నాశనం చెయ్యడానికి ఒప్పుకుంటూ రాసివ్వాలి. వెనక్కి తెప్పించడమంటే షెడ్డునూ అందులో ఉన్నవాళ్ళనూ అమ్మినా కాని పని.

డైరెక్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు. "నాశనం చెయ్యమని రాసెయ్యమ్మా. ప్రొఫెషనల్‌గా రెండు ముక్కలు. ఏడుపులు రాయకు. రేపు ఇంకో గ్రూపు సరుకు ఏదైనా వాళ్ళకు పంపాలంటే వాళ్ళ ముందు చులకన కాకూడదు."

మధ్యాహ్నం ఆమె, యాదమ్మ వచ్చారు. విషయం చెప్పాను. యాదమ్మ నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమె మాత్రం కంప్యూటరు ముందు కూర్చుని, మౌసు పట్టుకుని, అరవై ఫొటోలూ ఒక్కొక్కటే చూసింది. వరసలు వరసలుగా.

"ఇది యాదమ్మ వేలు. లావుగుంటది" అంది. ఇంకొన్ని చూసి, "ఇది నీ వేలు బిడ్డా. సూడు, భయపడుకుంట పెట్టినవ్" అంది. ఆ మాటకు నవ్వబోయి నవ్వలేకపోయాను.

"నాశనమంటే, కాలవెడతరా?"

"తెలియదక్కా. కాలుస్తారో, ముక్కలు చేస్తారో."

"పసుపు వెట్టిన బట్టను కాలవెడతరా బిడ్డా ఎవరన్న?"

నేను కీబోర్డు నా వైపు లాక్కున్నాను. ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఊళ్ళో ఉత్తరం రాయించుకునేవాళ్ళు కూర్చున్నట్టు.

"రాయి. అది మరక గాదు, పసుపు అని రాయి. మేం కూరలేసుకొని తింటం అని రాయి. సబ్బు వెట్టంగనే ఎర్రగైతది. అగ్గో, ఇంక ఖరాబైందని భయపడొద్దు. ఎండల ఆరేస్తే పోతది. ఒక్క పూట సాలు. పైసలియ్యకున్న మంచిదే, కాలవెట్టొద్దు, సలికి ఎవరన్న కప్పుకోమను. రాసినవా?"

నేను టైపు చేస్తూనే ఉన్నాను. ఏం టైపు చేశానంటే: సరుకును నాశనం చెయ్యడానికి మాకు అభ్యంతరం లేదు, అసౌకర్యానికి చింతిస్తున్నాం. అంతే. తలుపు అవతల డైరెక్టరు గారి దగ్గు వినిపిస్తోంది. నాకు ఉద్యోగం కావాలి. అంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకొకటుంది, అదీ చెప్పేస్తాను. సబ్బు, ఎండ, కూర అని రాస్తే ఆ దేశంవాళ్ళు నవ్వుతారని నామోషీ వేసింది. వాళ్ళెవరో నాకు తెలియదు. ఈమె నా పక్కనే ఉంది. అయినా వాళ్ళ ముందే నాకు పరువు కావాల్సి వచ్చింది.

ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని తెర దగ్గరికి వంగింది. చదవడం రాదు, కానీ వరసలు లెక్కపెట్టడం ఆమెకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది!

"గింతేనా? నేను మస్తు జెప్తిని గద."

"ఇంగ్లీషులో పొట్టిగా వస్తుందక్కా" అన్నాను.

నమ్మింది. "నొక్కు" అంది. నొక్కాను.

ఆ తర్వాతి సంగతి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. షెడ్డు ఖాళీ చేశారు. ఫ్యాక్టరీవాళ్ళు ఎనిమిది మందిలో ఇద్దరినే మళ్ళీ తీసుకున్నారు. యాదమ్మ ఆ ఇద్దరిలో లేదు. ఘట్‌కేసర్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో గిన్నెలు తోమే పనిలో చేరింది, నిలబడి. ఈమె ఆ ఎనిమిది ఇళ్ళ ముందునుంచి పోవడం మానేసింది. చుట్టూ తిరిగి మెయిన్ రోడ్డు మీదుగా వెళ్ళేది. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేదేమో. బొంతలకు మూటలు తెచ్చేవాళ్ళకు కళ్ళు ఆనడం లేదని చెప్పి పంపించేది, ఉప్పల్‌లో పరుపుల దుకాణానికి దిండ్ల గలీబులు కుట్టేది. మిషను మీద, తెల్లవి, అన్నీ ఒక్క తీరువి. ఎవరివి అని అడగాల్సిన పని లేనివి.

ఎప్పుడు కలిసినా ఒక్కటే ప్రశ్న. ఉప్పల్ బస్టాపులో, మల్లాపూర్ చౌరస్తాలో, ఒకసారి కూరగాయల బండి దగ్గర చేతిలో వంకాయలతో.

"బిడ్డా, జవాబొచ్చిందా?"

"ఇంకా లేదక్కా."

"జర సూస్తుండు."

"చూస్తానక్కా."

కొన్నాళ్ళకు నేను ఆమె కనబడే చోట దిగడం మానేసి ఒక స్టాపు ముందే దిగి నడిచేదాన్ని. ఆమె ఎనిమిది ఇళ్ళను తప్పించుకుని తిరిగింది, నేను ఆమెను తప్పించుకుని తిరిగాను. మా సంస్థ మాత్రం దేన్నీ తప్పించుకోలేదు. ఆ ఫొటోను ప్రతి నివేదికలోనూ వేసుకుంది. ఆర్డరు వచ్చిందన్నది నిజం. ఓడ ఎక్కిందన్నదీ నిజం. అక్కడికి ఆపేస్తే అంతా విజయమే.

కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటి ఎండాకాలం మొదట్లో యాదమ్మ ఫోను చేసింది, అక్కకు బాగాలేదని. చెంగిచెర్లలో అన్న కొడుకు ఇంట్లో ఉంది. వెళ్ళాను. ఊపిరితిత్తుల్లో నీరట, దవాఖానా నుంచి ఇంటికి పంపేశారు. ఆ ఎండల్లోనూ వణుకు. ఆమె ఒంటి మీద బజారులో కొన్న రగ్గు ఉంది, పెద్ద పులి బొమ్మతో. జీవితమంతా ఊరందరికీ బొంతలు కుట్టిన మనిషికి ఒక్క బొంత లేదు. నేను ఆ పులి వైపు చూడటం ఆమె చూసింది.

"మంచిగనే ఉన్నది బిడ్డా, మెత్తగ" అంది. వేలికి గుడ్డపీలిక లేదు. అది ఉండే చోట చర్మం తెల్లగా, వేరే మనిషి వేలులా ఉంది.

యాదమ్మ మంచం పక్కన నిలబడి ఆమె కాళ్ళు రుద్దుతోంది. ఈమె నా చెయ్యి పట్టుకుంది. ప్రశ్న వస్తుందని తెలుసు. ఇవాళ చెప్పేద్దాం, కాళ్ళు పట్టుకుందాం అనుకున్నాను. ఆమె ఈసారి అడగలేదు.

"నేను మస్తు ఆలోసించిన బిడ్డా. వాళ్ళు పాపం సబ్బు వెట్టి సూసే ఉంటరు. ఎర్రగై ఉంటది. ఆరేసి ఉంటరు." ఊపిరి కోసం ఆగింది. "వాళ్ళకాడ ఎండ లేదేమో. అది నాకు తోచకపాయె. నువ్వేం ఫికర్ జెయ్యకు, నువ్వు రాసినవ్ గద."

నేను పులి రగ్గును ఆమె గడ్డందాకా లాగి, లేచి వచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత పోయింది. కప్పిన బట్టలతో పాటే దహనం చేశారు. పులి రగ్గును మాత్రం ఎవరో ముందే తీసి దాచారు.

సభ అయిపోయాక నాకు శాలువా కప్పారు, పాత కార్యకర్తనని. ఇంటికి వచ్చి దాన్ని కుర్చీ మీద పడేసి, కంప్యూటరు తెరిచి ఆ పాత మెయిలు వెతికి పట్టుకున్నాను. కింద జవాబు రాసే చోట ఆమె చెప్పిన మాటలు ఇంగ్లీషులో పెట్టాను. ఇది పసుపు, మేం తినేదే. సబ్బుతో ఎర్రబడితే భయపడకండి, ఎండలో ఆరేస్తే పోతుంది. కాల్చకండి, చలికి ఎవరైనా కప్పుకోండి.

పంపాను. ఆ చిరునామా ఇప్పుడు లేదని నిమిషంలో తిరిగొచ్చింది. తెర మీద దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు నేను ఆమెకు చెప్పిన ఒక్క ముక్క మాత్రం అబద్ధం కాదు. ఇంగ్లీషులో పొట్టిగానే వచ్చింది, మూడే మూడు వరసలు.